మామ్మ వెదురు కాల్చిన వాన

మొన్న కార్తీకంలో మా తమ్ముడింటికి వెళితే వాడు కొత్త ఫ్యాను చూపించి మురిసిపోయాడు. కార్తీక మాసంలో కొండ మీద ఫ్యానేమిట్రా, ఎవరైనా వింటే నవ్విపోతారు అన్నాను. నవ్వేవాళ్ళు కూడా కొనుక్కున్నారప్పా అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు. వాడిది టైడా స్టేషనుకి పైన, కాలిబాటలో ఎక్కితే వచ్చే మా పాత ఊరే. నేను పంతులమ్మగా రిటైరై పాడేరులోనే స్థిరపడిపోయాను గనక ఏడాదికోసారి పండగనో పబ్బమనో వంక పెట్టి వాణ్ణి చూసి వస్తుంటాను. ఆ రోజు పొద్దున్నుంచీ ఫోన్లకి తుపాను మెసేజీలు వస్తున్నాయి. ఆకాశం మాత్రం తెల్లగా, ఉక్కగా, కింద విజయనగరంలో ఉన్నట్టుంది. మా తమ్ముడు చొక్కా విప్పేసి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద పశువులకి కుడితి కాస్తున్నాడు. ఇంట్లో గ్యాసు ఉంది, కుడితికి గ్యాసు దండగని బయట కాస్తాడు. పుల్లలు చాలక, మూలనున్న పాత వెదురు బుట్టని కాలితో తొక్కి విరిచి పొయ్యిలో పెట్టబోయాడు.

మా మరదలు వంటింట్లోంచి ఒక్క పరుగున వచ్చి ఆ ముక్క లాక్కుంది. "ఏటి సేత్తన్నావు? ఎదురు కాలుత్తారా ఎవులైనా?" అంది. కాలిస్తే ఏమవుద్దేటి అని వాడు నవ్వాడు. కాల్చినవాళ్ళ కడుపు కాలిపోతుందని, కన్న బిడ్డ దక్కదని ఆవిడ అరిచినంత పని చేసి, చెప్పు వదినా నీ తమ్ముడికి అని నా వైపు తిరిగింది. నాకు నోటి దురుసు ఎక్కువ. ఊళ్ళో ఎవరిదైనా మూఢనమ్మకం కనబడిందంటే చీల్చి చెండాడే దాకా ఊరుకోనని పేరు కూడా ఉంది. అలాంటిదాన్ని కుడితి కుండకేసి చూస్తూ నిలబడ్డాను. వాడు నా మొహం చూసి, ఏమైందప్పా అని రెండుసార్లు అడిగాడు. పొగ కళ్ళలో పడిందని చెప్పాను. ఆ ఇంట్లో ఒకప్పుడు ఏం జరిగిందో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఎదురుగా కూర్చుని వాడికి చెప్పడం నా వల్ల కాదు. కాగితం మీద పెడితే వాడే చదువుకుంటాడు.

మా కొండల్లో వానలు రెండు రకాలు. ఆషాఢంలో పడమట నుంచి వచ్చే వానకి డప్పులూ సన్నాయీ అన్నీ ఉంటాయి. ఉరిమి, మెరిసి, వస్తున్నానని పది ఊళ్ళకి చెప్పి మరీ వస్తుంది. దాన్ని మేము చుట్టంలాగే చూసేవాళ్ళం. రెండోది తూర్పు వాన. సముద్రం మీంచి వచ్చేది. సముద్రం మాకు కనపడదు, వినపడదు, మా మామ్మ చచ్చేదాకా దాన్ని చూడనే లేదు. కానీ దానికి కోపం వచ్చిందంటే ఆ దెబ్బ మా కొండకే వచ్చి తగిలేది. తూర్పు వాన ఉరమదు. ముందు గాలి ఆగిపోతుంది, తర్వాత మబ్బు లోయలోంచి పైకి పాకి ఇంట్లోకి వచ్చేస్తుంది, గోడలు చెమ్మగిల్లుతాయి, ఉప్పు కరిగి కుండ అడుక్కి దిగుతుంది. అప్పుడు మొదలవుతుంది సన్నగా, తెరిపి లేకుండా. పడమటి వానలో తడిస్తే జలుబు చేసేది, తూర్పు వానలో తడిస్తే ఎముకలు కొరికే చలి పట్టుకునేది. పసిపిల్లలున్న ఇళ్ళలో ఆ చలంటే హడలిపోయేవారు.

ఆ చలికి మా దగ్గరున్న మందు పొయ్యి ఒక్కటే. ఇంటి నడిమధ్య గుంత పొయ్యి, దాని పైన వెదురు కర్రలతో కట్టిన అటక. అటక మీద విత్తనాల కంకులు, కందులు, మొక్కజొన్న పొత్తులు పొగకి నల్లబడి, పురుగు పట్టకుండా ఉండేవి. ఆ పొగ వాసన మా జుట్టుకీ బట్టలకీ ఎంతగా పట్టేసేదంటే, బళ్ళో మైదానం నుంచి వచ్చిన మాస్టారు మమ్మల్ని ముందు బెంచీలో కూర్చోనిచ్చేవాడు కాదు. పడుకునేటప్పుడు అందరం కాళ్ళు పొయ్యి వైపు పెట్టి పడుకునేవాళ్ళం. మామ్మ, అంటే మా అయ్యని కన్నతల్లి, మాత్రం కూర్చునే కునుకు తీసేది. ఆవిడ నోట్లో అడ్డపొగ ఆరేది కాదు, అంటే చుట్టని నిప్పు వైపు లోపల పెట్టుకుని కాల్చేది. పొయ్యిలో నిప్పుని కూడా అలాగే కాపాడేది. ఎండాకాలం అంతా అడివి నుంచి కర్రలు మోసుకొచ్చి చూరు కింద గోడ వారన పేర్చేది. అందులోంచి నేనొక పుల్ల తీసి ఆడుకున్నా వీపు చిట్లగొట్టేది.

అయితే ఆ చూరు కిందే చోళ్ళ పనలు కూడా ఆరాలి, రాగుల్ని మేము చోళ్ళంటాం. వలిసె చేలు, అంటే నూనె గింజల చేలు, పసుపుపచ్చగా పూస్తే వానలు వెళ్ళిపోయినట్టేనని మా వాళ్ళ లెక్క. ఇప్పుడు ఆ పువ్వుల్లో నిలబడి ఫొటోలు తీసుకోవడానికి కార్లు వేసుకుని వస్తున్నారు గానీ మాకు మాత్రం అది కర్రలు జరిపే వేళ. వలిసె పూయగానే ప్రతి ఇంట్లోనూ చూరు కింద కర్రలన్నీ తీసి పెరట్లో ఆరుబయట పడేసేవారు, ఆ ఖాళీలో కోసిన చోళ్ళు పేర్చేవారు. తిండి గింజ తడవకూడదు, కర్ర తడిస్తే ఎండకి మళ్ళీ ఆరుతుంది. ఇది ఒకరు చెప్పి చేయించేది కాదు, ఊరంతా ఒకే రోజున చేసేది. ఆ ఏడు కూడా అలాగే చేశాం. వలిసె ఆ ఏడు ఎంత బాగా పూసిందో చెప్పలేను.

మా అయ్య పిప్పళ్ళు మూట కట్టుకుని రైలెక్కి ఎస్.కోట సంతకి దిగాడు. అమ్మ కడుపుతో ఉంది, పుష్యంలో నీళ్ళాడుతుందని మామ్మ అంచనా. అయ్య వెళ్ళిన రోజే గాలి ఆగిపోయింది. మామ్మ వాకిట్లో నిలబడి ముక్కు ఎగబీల్చి, ఏదో కుళ్ళు వాసన వస్తోందంది. మర్నాటికి వాన పట్టుకుంది. ఆ వానలోనే, బరువు ఎత్తిందో, చలికి వణికిందో తెలియదు, అమ్మకి నొప్పులొచ్చేశాయి. మామ్మ నన్ను తడిక అవతల కూర్చోబెట్టి నీళ్ళు కాయమంది. నేను అప్పటికి నీళ్ళు కాయగలిగేంత దాన్నే గానీ, అంతకు మించి ఏమీ తెలియదు. చాలాసేపటికి పిల్లి పిల్ల కూత లాంటిది ఒకటి వినిపించింది. మగపిల్లాడు. నెలలు నిండకుండానే పుట్టేసి, మామ్మ రెండు అరచేతుల్లో పట్టేశాడు. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

అప్పటినుంచి ఇంట్లో వేరే మాట లేదు. పొయ్యి మండితే వాడు ఏడుస్తాడు, పాలు చీకుతాడు. పొయ్యి తగ్గితే వాడు ఏడుపు మానేస్తాడు. అదే మాకు భయం. మామ్మ గుడ్డల్ని మంట మీద వేడి చేసి వాడికి చుట్టి, చల్లారగానే తీసి మరొకటి చుట్టేది. నా పని పొయ్యి చూడడం. పెరట్లో కర్రలు నీళ్ళు కారుతున్నాయి. ఒకటి తెచ్చి పెడితే మంట రాదు, పచ్చి పొగ వచ్చి పిల్లాడికి ఊపిరి అందక ఎగపోసేవాడు. పొయ్యి చుట్టూ నాలుగు పెట్టి ఆరబెట్టి, ఆరిన కొస మాత్రం మండించి, మళ్ళీ లాగేవాళ్ళం. పక్కింటి పోతన్న చిన్నాయన తన ఇంట్లోంచి ఒక మోపు తెచ్చి పడేశాడు. మర్నాడు వాళ్ళ పైకప్పే ఎగిరిపోయింది, ఇంక అడిగే మొహం లేదు. పీట కాల్చాం. రోకలి కాల్చాం. తలుపుకి అడ్డంగా వేసే గడియ కర్రని మామ్మ గొడ్డలితో చీల్చి కాల్చింది. నాగలి మేడి పశువుల పాకలో ఉంది, తడిసి ముద్దయి ఉంది, దాన్ని ఈడ్చుకొచ్చి పొయ్యి పక్కన పెట్టినా ఆవిరి తప్ప ఏమీ రాలేదు. గాలి ఇంటి చుట్టూ తిరుగుతూ ఎక్కడ సందు దొరుకుతుందా అని చూస్తున్నట్టుండేది. పగలే దీపం పెట్టుకున్నాం, ఆ దీపంలో నూనె కూడా అడుగంటుతోంది.

ఆ సమయంలో పోతన్న చిన్నాయన గిడుగు నెత్తిన వేసుకుని టైడా స్టేషను దాకా వెళ్ళి వచ్చాడు. గిడుగంటే ఆకులూ వెదురు బద్దలూ కలిపి అల్లిన తొడుగు, మాకు అదే గొడుగు. పైన కొండ విరిగి బండలు పట్టాల మీద పడ్డాయట, రైళ్ళు ఆగిపోయాయట. మా అయ్య ఎక్కాల్సిన రైలు కోటలోనే ఉండిపోయిందట, కొందరు ఆగలేక పట్టాల వెంబడి నడిచి వస్తున్నారట. ఆ మాట చెప్పి చిన్నాయన ఆగాడు. నడిచేవాళ్ళలో ఎవరినో గెడ్డ, అంటే కొండవాగు, పట్టుకుపోయిందని స్టేషన్లో అనుకుంటున్నారు, ఎవరో తెలియదు అన్నాడు.  అమ్మ అడిగింది, ఆకుపచ్చ తువ్వాలు ఉందా అతనికి అని. తెలియదన్నాడు చిన్నాయన.  అయ్య సంగతి మాకు బాగా తెలుసు. ఆగమన్నచోట ఆగే మనిషి కాదు, నడిచేవాళ్ళలో తప్పకుండా ఉంటాడు.

కాసేపటికి పొయ్యి ఎర్రటి నిప్పుల దాకా వచ్చేసింది. పిల్లాడు ఏడవడం మానేశాడు. అమ్మ వాడి అరికాలు గిల్లింది, కదిలాడు గానీ నోరు తెరవలేదు. అప్పుడు అమ్మ తలెత్తి అటకని చూసింది. ఇంట్లో ఎండిన కర్ర ఇంకా ఉంది. ఏళ్ళ తరబడి పొగకి ఎండి, నల్లగా గలగలలాడే వెదురు. అటక అంతా అదే. బుట్టలూ, చేటలూ, నేను అవతల కూర్చున్న తడికా అన్నీ అదే. ఇన్ని వస్తువులు కాల్చినా ఆ ఇంట్లో ఎవరం దాని వైపు చెయ్యి చాపలేదు. వెదురు ఒక్కసారి పూసిందంటే తోపుకి తోపే చచ్చిపోతుంది, పిలక కూడా మిగలదు. అందుకే దాన్ని పొయ్యిలో పెట్టిన మనిషికి కన్న బిడ్డ దక్కదని మా కొండల్లో ముసలీ ముతకా అందరి నమ్మకం. నేను కూడా నమ్మాను. పిల్లలు నమ్మినట్టు పెద్దవాళ్ళు కూడా నమ్మరు.

"అత్తా, అటక..." అంది అమ్మ. మామ్మ నోరుముయ్యమంది. అమ్మ ఊరుకోలేదు. వాడు పోతున్నాడు, నేనే పెడతాను అని లేవబోయింది, లేవలేక అక్కడే చతికిలబడింది. నువ్వు పెడితే వాడి కోసమే వాణ్ణి చంపుకున్నట్టవుతుంది కదే పిచ్చిదానా అంది మామ్మ, కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. అప్పుడు నేను లేచాను. నాకు పిల్లలు లేరు గదా, నన్ను పెట్టనీ అన్నాను. ఎంత తెలివైన మాట అన్నానో అనుకున్నాను. మామ్మ నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు పగిలింది. "నువ్వు రేపు కనాలే గుంటా," అంది. ఇంక మిగిలింది ఎవరో నాకూ తెలిసింది, అమ్మకీ తెలిసింది. మామ్మ కన్న బిడ్డలంతా మన్యం జ్వరాలకి పోయారు. మిగిలింది మా అయ్య ఒక్కడే. ఆ అయ్య ఆ వేళ ఏ గెడ్డ ఒడ్డున ఉన్నాడో, ఏ బండ కింద ఉన్నాడో ఎవరికీ తెలియదు.

మామ్మ తలుపు తీసింది. గాలి విసిరి కొట్టింది. గుమ్మంలో నిలబడి స్టేషను వైపు, ఏమీ కనబడని ఆ మబ్బులోకి చూసింది. "ఆడు కోటలోనే ఉండుంటాడంటావా?" అని వెనక్కి తిరగకుండానే అమ్మని అడిగింది.  అమ్మ ఏమని చెబుతుంది? అవునంటే ఈ పిల్లాడి కోసం అత్తకి ధైర్యం చెప్పి వెదురు కాల్చమన్నట్టు, కాదంటే మొగుడు పోయినట్టే. అమ్మ పిల్లాణ్ణి రొమ్ముకి అదుముకుని మొహం దాచుకుంది. మామ్మ తలుపు వేసి వచ్చింది. అమ్మని అటు తిరగమంది, నన్ను కళ్ళు మూసుకోమంది. అమ్మ తిరిగింది. నేను మూసుకోలేదు. మామ్మ చుట్ట తీసి పక్కన పెట్టి, విత్తనాల కంకులన్నీ జాగ్రత్తగా దించి, అటకలోంచి ఒక బొంగు ఊడబెరికి, మోకాలి మీద విరిచి పొయ్యిలో పెట్టింది. 

వెదురు ఎలా మండుతుందో నేను అంతకు ముందు చూడలేదు. భగ్గుమంది. ఇల్లంతా ఒక్కసారి వెలిగింది. అందరి నీడలూ గోడల మీద లేచాయి. తర్వాత కణుపు ఠాప్పున పేలింది, తుపాకీ పేలినట్టు. మామ్మ ఉలిక్కిపడి చేతిని పొత్తికడుపు మీద పెట్టుకుంది. మరో కణుపు పేలింది. మళ్ళీ పెట్టుకుంది. ఒకటి అయిపోగానే ఇంకొకటి లాగి పెట్టింది, అది పేలిన ప్రతిసారీ ఆ చెయ్యి అక్కడికే వెళ్ళేది. అటక అయిపోయాక బుట్టలు పెట్టింది. బుట్టలయ్యాక చేట, చేట అయ్యాక తడిక. ఈలోగా పిల్లాడు నోరు తెరిచి ఏడ్చాడు. ఆ ఏడుపు విని అమ్మ కూడా ఏడ్చింది, సంతోషమో ఏమో. మామ్మ ఏడవలేదు. గుడ్డ వేడి చేసి వాడికి చుట్టి, బాగా తాగించు అంది అంతే.

ఇప్పుడు తుపానుకి పేరు పెడుతున్నారు, అది ఎక్కడుందో ఫోన్లో ఎర్రగా తిరుగుతూ కనిపిస్తుంది. మా తమ్ముడు, ఆ వెదురు మంటకి నోరు తెరిచి ఏడ్చినవాడే, మొన్న నేను వెళ్ళిన రోజు మధ్యాహ్నమే చోళ్ళు టార్పాలిన్ కింద పెట్టేశాడు. ఇల్లు శ్లాబు, గ్యాసు నిండుగా ఉంది, అంబులెన్సు రోడ్డు దాకా వస్తుంది. చలి మాత్రం వెనకటి చలి కాదు. పుష్యంలో కూడా ఫ్యాను తిరుగుతోందని చెప్పి వాడు గొప్పలు పోతాడు, నాకు వినాలనిపించదు. వానలు కూడా మాట తప్పాయి, వలిసె పూసినా పూయకపోయినా వాటి ఇష్టం వచ్చినప్పుడు పడుతున్నాయి. ఇన్ని ఏర్పాట్లున్న కాలంలో పెరిగిన పిల్లలకి, ఒక పొయ్యి ఆరిపోతుందేమోనని మనిషి ఎందుకంత వణకాలో చెప్పినా అర్థం కాదు. అర్థం కాకపోవడమే మంచిది. అయినా నాకు ఒక్కోసారి కడుపు మండుతుంది. మామ్మ వేసిన లెక్క ఎంత పెద్దదో తెలిసినవాళ్ళు ఎవరూ లేకుండా పోతున్నారు కదా అని.

ఆ ఏడు వాన చివరికి తగ్గింది. ఆకాశం తెల్లబడింది, గెడ్డల హోరు మాత్రం కొండంతా వినబడుతూనే ఉంది. ఊళ్ళోవాళ్ళంతా దారి చివరకి వెళ్ళి కోట నుంచి వచ్చేవాళ్ళ కోసం ఎదురు చూస్తున్నారు. మామ్మ వెళ్ళలేదు. అంబలి ఇస్తే ముట్టుకోలేదు. చుట్ట కూడా మళ్ళీ నోట పెట్టలేదు. పొయ్యి ముందు కూర్చుని, ఇంట్లో చావు జరిగిన మనిషిలా జుట్టు విరబోసుకుని ఉంది. అమ్మ ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేసింది. నేను దారి చివర దాకా వెళ్ళి వస్తూ ఉన్నాను. అలా ఒకసారి వెళ్ళినప్పుడు కింద మలుపులో ఆకుపచ్చ తువ్వాలు కనిపించింది. నేను అరుచుకుంటూ ఇంటికి పరిగెత్తాను. అమ్మ గోడ పట్టుకుని లేచింది. మామ్మ లేవలేదు. తల కూడా తిప్పలేదు.

అయ్య లోపలికి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, పెదాలు నల్లగా, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. గెడ్డలో మెడ లోతున దాటి వచ్చాడని తర్వాత తెలిసింది. అమ్మ పిల్లాణ్ణి చూపించింది. అయ్య నవ్వబోయి, తల్లిని చూసి ఆగాడు. అమ్మా అంటూ ఒక అడుగు వేశాడు. దగ్గరకి రాకు అంది మామ్మ. అయ్యకి అర్థం కాలేదు. అప్పుడామె మొహం ఎత్తింది. అలాంటి మొహం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

"ఎదురు కాల్సీసినాన్రా. నువ్వు దారిలో ఉన్నావని తెలిసీ కాల్సినాను. నిన్ను నాను నా సేతుల్తోనే పొయ్యిలో పెట్టీసినాను."

అయ్య అటకని చూశాడు. అక్కడ అటక లేదు. తడిక లేదు. అమ్మ చేతిలో పిల్లాడు పాల కోసం మొహం అటూ ఇటూ తిప్పుతున్నాడు. అయ్య మూల దాకా వెళ్ళి వెతికి, విరిగిన వెదురు బొంగు ముక్క ఒకటి తెచ్చాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. ఆయన దాన్ని విరిచి పొయ్యిలోకి తోసి మామ్మ పక్కన గొంతుక్కూర్చున్నాడు. కణుపు ఠాప్పున పేలింది. మామ్మ చెయ్యి కడుపు మీదికి వెళ్ళబోతే దాన్ని అందుకుని, తన చేతులతో పాటు మంట వైపు చాపాడు.

"సలేత్తందమ్మా," అన్నాడు. "కాసింత జరుగు."

మామ్మ జరిగింది.